నేలకు వంగిన కెమెరా

మన దేశమున ఛాయాచిత్రకళ పెరుగుచున్న తొలినాళ్ళలో జంతువునకు కెమెరా యెదుట లభించిన గౌరవము చాలవరకు చచ్చిన పిమ్మట లభించినదే. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కొలువున ముసవ్విర్ జంగ్ బిరుదము నందిన రాజా దీనదయాళ్, తన కాలమున ఈ దేశమున తనకు సాటి లేడనిపించుకొన్న మహానుభావుడు, 1902లో వరంగల్లు సీమలోని నెక్కొండ దగ్గర వైస్రాయి కర్జను దంపతులు తాము వేటాడిన పులి చెంత నిలువగా తీసిన చిత్రము నేటికిని లోకప్రసిద్ధము. వెలుగునీడల పొందికలో దానికి వంక పెట్టగలవాడు లేడు. కాని అందలి పులి మనలను చూడదు. నేనిప్పుడు చెప్పబోవు కళ దానికి సరిగా ఎదుటితట్టున నిలిచినది: బ్రతికియుండి, ఎవరికిని అక్కరలేక, వీధిలోనో మురుగుకాలువలోనో దొరకిన కుక్కపిల్లకు, పిల్లికూనకు ఒక యిల్లు దొరకుటకై తీసెడి చిత్రము.

ఈ విద్యకు చరిత్ర పెద్దగా లేదు. ఉన్నంతవరకైనను ఎవరును శ్రద్ధగా వ్రాసిపెట్టలేదు. చెన్నపట్టణమున కెప్టెన్ వి. సుందరము 1959లో బ్లూక్రాసు అను జంతురక్షణ సంస్థకు బీజము వేసినప్పుడు గాని, హైదరాబాదున 1992లో అక్కినేని అమలగారును నాగార్జునగారును అదే పేరున సంస్థను నెలకొల్పినప్పుడు గాని, విశాఖపట్టణమున 1996లో ప్రదీప్ కుమార్ నాథ్ గారు జంతుసంరక్షణకు నడుము కట్టినప్పుడు గాని, గాయపడినదానిని బ్రతికించుటయే పెద్దపని. దానికి చక్కని ఫొటో తీయవలెనన్న ఊహ ఎందరికి కలుగును? రీలు ఖరీదు, కడిగించుట ఖరీదు, ప్రింటు ఖరీదు. ఫోనులో కెమెరా వచ్చిన పిమ్మటనే జంతువుల ఆశ్రయములందు పనిచేయు యువకులు, దత్తతకు సిద్ధమైన జంతువుల చిత్రములను వాట్సాప్‌లోను ఇన్‌స్టాగ్రామ్‌లోను ఊరూర తిప్పనారంభించిరి. ఆశ్రయములో ఒకటి వెడలినగాని గాయపడిన మరొకదానికి చోటు లేదు. కనుక ఈ చిత్రమును అలంకారమని తలపరాదు. అది చికిత్సలో కడపటి భాగము.

తిరువూరు డివిజనులోని మా రెడ్డిగూడెము చుట్టును మామిడితోటలు. కాపుకాలమున తోటలో కావలి గుడిసె, గుడిసె ముందొక నాటుకుక్క, దాని వెంట నాలుగైదు పిల్లలు. మేము బుద్ధెరిగిన నాటినుండి చూచుచున్నదే. కాయ దిగిపోయి కావలివారు మూటాముల్లె సర్దుకొని వెడలిన పిమ్మట ఆ పిల్లలలో ఒకటి రెండు రోడ్డున బండి క్రింద పడును, మిగిలినవి టీకొట్ల చుట్టు చేరును. ఎవరో జాలిపడి, నిలుచున్నవారు నిలుచున్నట్లే ఫోను క్రిందికి వంచి ఒక ఫొటో తీసి, ఎవరికైన కావలెనా యని గ్రూపులో పెట్టుదురు. అందు కనబడునది పెద్దతల, పొట్టికాళ్ళు, ప్రక్కన చెప్పులజత, మీద తీసినవారి నీడ. ఎవరును అడుగరు. అడుగకపోవుట ఆ పిల్ల దోషము గాదు.

ఈ కళలో మొదటి సూత్రమును, నా దృష్టిలో సగము కళయును, ఒక్కటే: లెన్సు జంతువు కన్నుల యెత్తునకు దిగవలెను. ఎలియట్ ఎర్విట్ అను అమెరికా ఛాయాగ్రాహకుడు 1974లో న్యూయార్కున తీసిన చిత్రమొకటి కలదు. నేలకు జానెడెత్తున నిలిపిన ఆ చూపులో ఒక స్త్రీ బూట్లును, ఒక మహాకాయమగు కుక్క ముంగాళ్ళును, వాని ప్రక్క టోపి పెట్టుకొని కుదురుగా నిలిచిన గుప్పెడంత చివావా కుక్కయు కనబడును. స్త్రీ మొగము గాని, పెద్దకుక్క మొగము గాని అందు లేవు. లోకమంతయు ఆ చిన్నదానికే దక్కినది. బూట్ల ప్రకటనకై తీసినదందురు. ఏ నిమిత్తమున తీసిననేమి, ఎత్తు మారినచో పెద్దరికము మారునని నిరూపించుటకు ఆ యొక్క చిత్రము చాలును.

కావున ఈ పనికి పూనుకొన్నవాడు మొదట తన బట్టలమీద ఆశ వదలుకొనవలెను. మోకాళ్ళమీద వంగుట చాలదు; కుక్కపిల్లయైనచో బోర్ల పడుకొనవలసినదే. విజయవాడ ప్రాంతమున పెండ్లిళ్ళకు ఫొటోలు తీసెడి ఒకాయన, తీరికయైన ఆదివారములందు ఈ సేవ చేయుచుండగా చూచితిని. ఆయన లోనికి వచ్చిన వెంటనే కెమెరా తీయలేదు. సంచి నేలమీద పెట్టి, కుక్కకు ప్రక్కగా తిరిగి కూర్చుండి, దానివంక కన్నెత్తియైన చూడక, మాతో ఎండలనుగూర్చియు పెండ్లిముహూర్తములనుగూర్చియు తాపీగా ముచ్చటించుచుండెను. కొంతసేపటికి కుక్కయే వచ్చి సంచిని వాసన చూచినది, పిమ్మట కెమెరాను, ఆ పిమ్మట ఆయన చెవిని. అప్పుడుగాని ఆయన బోర్లగిలబడి కన్ను కెమెరాకు ఆన్చలేదు. జంతువులలో తేరిపార చూచుట కయ్యమునకు పిలుపు. లెన్సన్ననో రెప్పవేయని పెద్దకన్ను. ఇది తెలియనివారు తీసిన చిత్రములందు కుక్క ఆవులించుచుండును, పెదవులు నాకుకొనుచుండును, మొగము ప్రక్కకు త్రిప్పి కొనకంటి తెలుపు చూపుచుండును. చూచువారు అది నవ్వుచున్నదనియు కొంటెగా చూచుచున్నదనియు మురిసిపోవుదురు. అది భయము. నోరు వదులై, చెవులు వాని సహజస్థితికి వచ్చి, నాలుగు కాళ్ళమీద బరువు సమముగా కుదిరెడి క్షణమొకటి వచ్చును. దానికై అలుగక, విసుగక కనిపెట్టుకొని యుండుట నావంటివానికి చేతకాని తపస్సు, ఆయనకు అలవాటు.

ఆ క్షణమున చూపును లెన్సుమీద నిలుపుటకు ఎవరి యుపాయములు వారికి గలవు. ఉడికించిన కోడికార్జము ముక్కను కెమెరా పైకొసను పట్టుకొనువారు కొందరు, నోటితో పిల్లికూత కూయువారు కొందరు. వినని చప్పుడు వినినచో కుక్క తల ప్రక్కకు వంచును. ఆ వంపు చూచి కరగని గృహిణి నాకింతవరకు కనబడలేదు. కాని ఆ చప్పుడు ఒకటి రెండుమారులకే పనిచేయును, తరువాత కుక్కకు మన మోసము తెలిసిపోవును. అందుచేత నేర్పరి ముందుగా వెలుగు, చోటు, దూరము అన్నియు సరిచూచుకొని, కూతను కడపటికి దాచుకొనును. నేర్వనివాడు వచ్చీరాగానే కూసి చెడగొట్టుకొనును.

వెలుగు సంగతికి వత్తును. మన యెండలలో ఉదయము ఎనిమిది దాటిన తరువాత నేరుగా ఎండలో ఫొటో తీయుట వ్యర్థము. చెట్టునీడ అంచున, మొగము తేటయాకాశమువైపు ఉండునట్లు నిలిపినచో, కంటిలో ఆకాశము ఒక తెల్లని చుక్కయై మెరయును. ఆ చుక్క లేని కన్ను ఎంత పెద్దదైనను బొమ్మకన్నే. నీడ మరీ చిక్కనైనచో ఎదురుగా నొక థర్మాకోల్ అట్టయో, తెల్లపంచెయో పట్టినచో చాలును. ఫ్లాష్ పనికిరాదు: కుక్కకు, పిల్లికి కంటిలోపల వెలుగును తిరుగగొట్టు పొర యొకటి కలదు, రాత్రి చూపునకు ప్రకృతి యిచ్చిన ఆ వరము ఫ్లాష్ పడగానే పచ్చగా మండి, సాధుజంతువును పిశాచముగా చూపును. ఇక కుక్కకు మూతి పొడుగు. లెన్సును పూర్తిగా తెరచి తీసినచో ముక్కు స్పష్టమై కన్నులు మసకబారును. ఎఫ్ 4 దరిదాపులలో నుంచి, సెకనులో 500వ వంతు వేగము పెట్టి, దగ్గరి కంటిమీద ఫోకసు నిలుపుడని పెద్దలు చెప్పుదురు. నేటి కొన్ని కెమెరాలు జంతువు కంటిని తామే వెదకి పట్టుకొనుచున్నవి. మంచిదే, కాని కంటిలోని బెదురును అవి వెదకలేవు.

అన్నిటికంటె కష్టమైనది నల్లకుక్క. కాలభైరవుని వాహనమని గుడిలో మ్రొక్కుదురు, వాకిట నిలిచినచో అదలించుదురు. నల్లపిల్లి గతి చెప్పనక్కరయే లేదు. మనుష్యుల మూఢత్వమునకు తోడు కెమెరా మూఢత్వము కూడ కలిసినది: నలుపు నిండిన దృశ్యమును చూచి యంత్రము అది చీకటి యని భ్రమసి వెలుగును ఎక్కువగా లాగును, వెనుకనున్న గోడ తెల్లబారిపోవును, కుక్క బూడిదరంగునకు దిగును, వెలుగు తగ్గించినచో మొగమంతయు ఒక నల్లని గుంతయై కన్నులైనను కానరావు. మసాచుసెట్స్ రాష్ట్రమునకు చెందిన ఫ్రెడ్ లెవీ ఈ చిక్కును విడదీసిన తీరు చూచి నేను నమస్కరించితిని. ఆయన నల్లకుక్కను నల్లతెర ముందే నిలిపెను! వెలుగును ప్రక్కలనుండి, వెనుకనుండి జారవిడిచి, వెండ్రుక వెండ్రుకకు అంచు తీర్చి, నలుపులోనుండి నలుపును పైకి తెచ్చెను. ఆ నలుపులో నీలమున్నది, గోధుమవన్నె యున్నది, పట్టుజిలుగున్నది. లోపమని లోకమన్నదానినే లక్షణముగా నిలుపుటకంటె శిల్పికి కీర్తి యేమున్నది?

సోఫీ గమాండ్ అను ఫ్రెంచి వనిత న్యూయార్కున 2014 నుండి పిట్‌బుల్ జాతికుక్కలకు, చూచినంతనే జనము జడిసెడి వానికి, తాను చేసిన పూలకిరీటములు పెట్టి చిత్రములు తీసినది. నేను మొదట పెదవి విరిచితిని. కుక్కకు పూలేమి యనుకొంటిని. కాని ఆ చిత్రములందు పూవులు చూపరుల భయమును దింపుటకే కాని కుక్కను ఆటబొమ్మను చేయుటకు గాదు. వాని చూపులలోని నిండుతనము చెక్కుచెదరలేదు. పూలు కట్టుటలో మన యాడువారిని మించినవారెవరు? ఈ యాలోచన మనకు రాకపోయెనే యని యిప్పటికిని కష్టముగా నున్నది. యూటాలో గిన్నెవర్ షూస్టర్ ఒక్కొక్క కుక్కకు నాలుగేసి చిత్రములను తీసి ఒక్కచోట కూర్చి చూపినది: ఒకదానిలో గాంభీర్యము, ఒకదానిలో నాలుక చాచిన వెఱ్ఱినవ్వు, ఒకదానిలో ఆశ్చర్యము. స్వభావమును చెప్పుటకు ఒక్క చిత్రము చాలదని ఆమె కనిపెట్టిన కిటుకు ఎంత సులువో అంత గొప్పది.

కళ యెంత గొప్పదైనను నిజము తప్పరాదు. 2015లో ప్రచురితమైన ఒక పరిశోధన, కుక్కల దత్తత వేగమునకు వాని ఫొటోల తీరునకు సంబంధమున్నదనియు, ఆరుబయట నిలిచి, మసకలేక, లెన్సులోనికి చూచుచున్నవి త్వరగా ఇండ్లకు చేరుచున్నవనియు తేల్చినది. ఇది మంచిమాటయే. కాని మూడుకాళ్ళ కుక్కను కూర్చుండబెట్టి నాలుగవకాలు దాచి తీయువారున్నారు. సంబంధము కలుపుటకు పంపిన ఫొటోలో లేని పిల్ల పెండ్లిచూపులలో ఎదురైనచో సంబంధము తప్పుటయే గాక తగవు కూడ వచ్చును గదా! మూడుకాళ్ళదానిని పరుగెత్తించి తీయుడు. అది పరుగెత్తగలదని తెలిసినవాడే దానిని కొనిపోవును. ఒక మనిషి ప్రక్కన నిలిపి ఎత్తు తెలుపుడు. శస్త్రచికిత్స జరిగి టీకా పడినదనుటకు గురుతుగా చెవికొసను చేసిన కోతను మచ్చయని చెరిపివేయకుడు. అదియే దాని యోగ్యతాపత్రము.

ఇక నాకు కోపము తెప్పించు సంగతులకు వత్తును. నన్నయభట్టు ఆంధ్రమహాభారతపు తొలిపర్వమందే సరమ యను దేవశునకమును జనమేజయుని యెదుటికి తెచ్చి నిలిపెను. తప్పుచేయని తన పిల్లను రాజు తమ్ములు కొట్టిరని అది వచ్చినది. దేబిరించుటకు రాలేదు, నిలదీయుటకు వచ్చినది. నేటి మన ఫొటోలు ఎట్లున్నవి? పుండును దగ్గరగా చూపి, ఏడుపుపాట జోడించి, పంచుకొననివారికి హృదయము లేదని శపించుట. జాలి పుట్టును నిజమే. జాలిపడినవాడు వేలితో ఒక హృదయపు గురుతు నొక్కి ముందునకు సాగిపోవును. తన యింట, తన పిల్లల నడుమ ఆ జంతువును ఊహించుకొనలేడు, ఏలయనగా ఆ చిత్రములో జంతువు లేదు, గాయమే యున్నది.

అంతకంటె నీచము వేరొకటి కలదు. కుక్కపిల్లను తామే బురదలో ముంచి, తామే బావిలో దించి, కెమెరా పెట్టి తామే రక్షించినట్లు నటించి, లక్షలమంది చేత చూపించుకొని సొమ్ము చేసికొనెడి కిరాతకము దేశదేశములందు వర్ధిల్లుచున్నది. దీనిని కళకు నకలనుటకైనను నాకు నోరు రాదు. ఇప్పుడు మీట నొక్కినచో యంత్రమే కన్నీరు కార్చు కుక్కపిల్లను సృష్టించి యిచ్చుచున్నది. లేని కుక్కకు వేలకొలది కన్నీళ్ళు, ఉన్న కుక్కకు గుక్కెడు నీళ్ళు లేవు. మరియొకవంక, రోహిణీకార్తెలో రోళ్ళు పగులు ఈ బెజవాడ సీమకు మంచుదేశపు హస్కీని తెచ్చి ఏసీగదిలో కట్టివేసి, స్టూడియోలో దానికి పుట్టినరోజు ఫొటోలు తీయించు సంపన్నులు, గుమ్మములో నిలిచిన నాటుకుక్కను చూచి ముక్కు మూసికొనుచున్నారు. నేను నాటుకుక్క పక్షపాతిని, దాచుకొనను. ఈ యెండకు, ఈ వానకు, ఈ తోటలకు పుట్టిన ఆ సన్ననినడుము, నిక్కినచెవులు, మడిచినతోక చిత్రించుటకు ఎంత యందమైనవో తీసినవారికి తెలియును.

2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు వీధికుక్కలను దత్తత కోరువారు పురపాలకసంస్థలకు దరఖాస్తు చేసికొనవచ్చుననియు, కొనిపోయినదానిని తిరిగి వీధికి వదలరాదనియు చెప్పినది. నవంబరు 7న బడుల, ఆసుపత్రుల, బస్టాండుల ఆవరణలందలి కుక్కలను ఆశ్రయములకు తరలింపుడనినది. ఆ తీర్పుల మంచిచెడ్డలు వాదించుటకు నేను న్యాయవాదిని గాను. ఆశ్రయములు నిండునన్నది మాత్రము నిశ్చయము; నిండినవాటిని చంపక ఖాళీచేయు దారి ఇల్లు చూపుటయే; ఇల్లు చూపుటకు మొదటి మెట్టు ఫొటో.

కనుక రెడ్డిగూడెము, మైలవరము, తిరువూరులలో స్టూడియోలు నడుపు సోదరులకు నా విన్నపము. పాస్‌పోర్టు ఫొటోలు ఫోనులకు పోయినవి, మిగిలిన పెండ్లిళ్ళకు మూఢములు అడ్డు. ఆ తీరిక నెలలలో వారమునకొక ఉదయము మా ఊరి పశువైద్యశాల ఆవరణకు రండి. కుక్కపిల్లలను పట్టుకొనుటకు కుఱ్ఱవాండ్రను మేము కుదుర్తుము, కార్జము మేము ఉడికించి తెత్తుము, కాఫీ ఫలహారములు మావి. ప్రతి ఫొటో క్రింద మీ స్టూడియో పేరు వేయుదుము. ఫ్లాష్ ఇంటిదగ్గర పెట్టి, పాతలుంగీ ఒకటి వెంట తెచ్చుకొనుడు.