ఉద్దెర బూట్లు, పంతులు ఉపన్యాసం

హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో థియేటర్ ఔట్‌రీచ్ యూనిట్ అని ఒక నాటక సంస్థ పుట్టింది. క్యాంపస్‌లో నేర్చిన నాటకాన్ని గోడ దాటించి జనం దగ్గరికి తీసుకుపోవడం దాని పని. ఆ సంస్థ తెలుగులో ఆడిన నాటకాల్లో ‘మిస్ మీనా’ ఒకటి. చెన్నైకి చెందిన పెర్చ్ బృందం దర్శకుడు రాజీవ్ కృష్ణన్ దాన్ని తయారుచేశారు. నటన ఎట్లుంది, పాటలు ఎట్లున్నాయి అన్నది పత్రికల వాళ్లు చూసుకుంటారు. మాకు కావలసింది కథ. ఎందుకంటే అది మన ఏజెన్సీ కథ. రాసినాయన మాత్రం స్విట్జర్లాండ్ వాడు.

ఆయన పేరు ఫ్రీడ్రిష్ డ్యూరెన్‌మాట్. 1956లో వచ్చిన ఆయన నాటకాన్ని ఇంగ్లీషులో ‘ది విజిట్’ అంటారు. దాన్నుంచే ‘మిస్ మీనా’ వచ్చింది. తెలుగులో ఆమె సినిమా తార. మూలంలో క్లేర్ అనే కోటీశ్వరురాలు. ఎండిపోయిన తన సొంత ఊరికి చాలా ఏళ్లకు తిరిగి వస్తది. ఊరికి లెక్కలేనంత డబ్బు ఇస్తానంటది. సగం ఊరికి, సగం ఇంటింటికీ. షరతు ఒక్కటే: చిన్నప్పుడు తనను గర్భవతిని చేసి, దొంగ సాక్షులను పెట్టి కోర్టులో కాదన్న ఇల్ అనేవాడిని చంపాలి. అతను ఇప్పుడు ఆ ఊళ్లో దుకాణం నడుపుకునే మర్యాదస్తుడు.

ఆమె మీద మాకు కోపం రాదు. పని మీద ఏజెన్సీకి వచ్చినవాళ్లు బిడ్డను ఇచ్చి బదిలీ మీద వెళ్లిపోతే, పేరు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే అక్కచెల్లెళ్లు మన గూడేల్లో ఉన్నారు. వాళ్లలో ఒకరికి అంత డబ్బు దొరికితే ఏం అడుగుతారో మనకేం తెలుసు?

మలక్‌పేటలో మన పిల్లలు ఉద్యోగ పరీక్షల కోసం అద్దెకుండే ఒక గదిలో ఈ నాటకం కథ చెప్పుకుని రెండు సాయంత్రాలు మాట్లాడుకున్నాం. ఆ ఊళ్లో ఎంఎంటీఎస్ ఎక్కితే అదే రైలు లింగంపల్లి దాకా పోతది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలై, తరతరాలుగా కుటుంబాలతో సహా నాటకం మీదే బతికిన సురభి వాళ్ల కాలనీ అటే, విశ్వవిద్యాలయమూ అటే. మన పిల్లల్లో చాలామంది ఆ రైలెక్కేది కోచింగు కోసమే. డిగ్రీ తర్వాత అక్కడ నాటకంలో పీజీ చదవొచ్చని, అందులో ఎస్టీలకు సీట్లుంటాయని గదిలో ఇద్దరికే తెలుసు. రెపర్టరీ అంటే నటులను జీతమిచ్చి పనిలో పెట్టుకునే బృందమని చెప్తే, ‘నాటకానికి జీతమా సార్’ అని నవ్వారు. నవ్వే మాట కాదది. గుస్సాడి ఆడించిన కనకరాజు గారికి, డోలితో కోయ ఇలవేల్పుల కథ పాడిన సకిని రామచంద్రయ్య గారికి పద్మశ్రీలు వచ్చాయి. 2024లో ఇద్దరూ పోయారు. ఆ విద్య నేర్చుకునే పిల్లవాడికి నెల జీతం ఇచ్చే ఏర్పాటు కావాలి.

కథలోకి వస్తే, మాకు అన్నిటికన్నా గట్టిగా తగిలింది బూట్లు. క్లేర్ షరతు వినగానే ఊరంతా ఛీ అంటది. మరునాడు ఇల్ దుకాణానికి వచ్చినవాళ్లు మంచి సిగరెట్లు, ఖరీదైన సారా అడుగుతారు. అంతా ఉద్దెర. కాసేపటికి ఇల్ చూస్తే అందరి కాళ్లకూ పసుపుపచ్చ కొత్త బూట్లు. అవీ ఉద్దెరే. డబ్బు ఎక్కడినుంచి వస్తదని ఉద్దెర పెడుతున్నారో అతనికి అప్పుడు అర్థమైతది. ఊళ్లో ఎవరూ అతన్ని చంపాలని నిర్ణయించలేదు. అప్పు నిర్ణయించింది. పోలవరం ముంపు గ్రామాల్లో మన చుట్టాలు చెప్పిన మాట ఇక్కడ గుర్తొచ్చింది: ప్యాకేజీ చేతికి రాకముందే బైకులమ్మేవాళ్లు వాకిట్లోకి వచ్చారట. మలక్‌పేట పిల్లలకు ఇది విడమర్చి చెప్పాల్సిన పని పడలేదు. వాళ్ల గదికి దగ్గర్లోనే ఉల్లిగడ్డ, మిర్చి గంజ్. రైతుకు ముందు అప్పు, తర్వాత ధర అన్నది రోజూ చూస్తున్నదే.

ఇంకొకటి. ఊరు పేదదెట్లా అయింది? ఫ్యాక్టరీలన్నీ క్లేరే రహస్యంగా కొని మూసేయించింది. ఆకలి పెట్టింది ఆమె, అన్నం పెడతానన్నదీ ఆమె. ఈ సంగతి ఆమె నోటినుంచే మొదట విన్నది ఊరి డాక్టరు, ఊరి పంతులు.

పంతులు పాత్ర దగ్గర మేం చాలాసేపు ఆగాం. మేమూ పంతుళ్లమే కదా. అతనికి అన్నీ తెలుసు. ఒకసారి తాగి, విలేకరుల ముందు నిజం చెప్పబోతాడు, చెప్పలేడు. నువ్వు చస్తావు, చంపేవాళ్లలో నేనూ ఒకణ్ని అవుతున్నాను అని ఇల్‌కే చెప్తాడు. చివరికి సభలో లేచి, ఇది డబ్బు కోసం కాదు, న్యాయం కోసం అని గొప్ప ఉపన్యాసం ఇస్తాడు. చంపడం అన్న మాట సభలో ఎవరి నోటా రాదు. ఫౌండేషన్ విరాళం తీసుకుందామా అని అడుగుతారు, చేతులు లేస్తాయి. దేవుడా అని ఇల్ అరుస్తాడు. కెమెరా వాళ్ల లైటు పోయిందని తీర్మానం మళ్లీ చేయిస్తారు. రెండోసారి అందరూ అవే మాటలంటారు, ఇల్ మాత్రం అరవడు.

ఏజెన్సీలో గ్రామసభ చూసినవాళ్లకు ఆ సీను కొత్త కాదు. 1996 నాటి పీసా చట్టం గ్రామసభకు మాట ఇచ్చింది. తీర్మానం రాసేది ఎవరు, చదివి వినిపించేది ఎవరు, ఏ భాషలో? చదువొచ్చినవాడు కావాలంటే చాలాచోట్ల పిలిచేది టీచరునే.

ఈ నాటకంతో మా పేచీ కూడా ఇక్కడే. అందులో కాదన్న చెయ్యి ఒక్కటీ లేదు. ఏ ఊరికైనా ఒక ధర ఉంటదని డ్యూరెన్‌మాట్ నమ్మకం. 2013లో పక్కనున్న ఒడిశాలో, సుప్రీంకోర్టు చెప్పిన మీదట నియమగిరి చుట్టూ పన్నెండు ఊళ్లలో గ్రామసభలు పెట్టారు. డోంగ్రియా కోందులు పన్నెండింటా బాక్సైటు తవ్వకం వద్దన్నారు. పేదరికంలో వాళ్లేమీ క్లేర్ ఊరికి తీసిపోరు. కాకపోతే కొండ వాళ్లకు దేవుడు, పైగా వాళ్లు బూట్లు ఉద్దెర తేలేదు. ఈ నాటకాన్ని ఆదివాసీ ప్రాంతంలో ఆడాలంటే నియమగిరి కూడా ఉన్న లోకంలో ఆడాలి. లేకపోతే చూసి వెళ్లేవాళ్లకు మనుషులంతా ఇంతేనన్న దిగులొక్కటే మిగుల్తది.

ఒక మాట దాచడం బాగుండదు. థియేటర్ ఔట్‌రీచ్ యూనిట్‌కు టాటా ట్రస్టు సాయం చేసింది. 2006 జనవరి 2న ఒడిశా కళింగనగర్‌లో టాటా స్టీల్ ప్రాజెక్టును అడ్డుకున్న ఆదివాసులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ట్రస్టు వేరు, కంపెనీ వేరు అంటారు, కాగితం మీద నిజమే. ఆ డబ్బుతో ఈ కథనే ఎంచుకుని ఆడినందుకు సంస్థను మెచ్చుకుంటాం. కళాకారులు ఎక్కడో ఒకచోట డబ్బు తీసుకోవాలి, మన ఆశ్రమ పాఠశాల వార్షికోత్సవాలకూ దాతలున్నారు. అయినా ‘ఫౌండేషన్’ అన్న మాట దగ్గర మనకు నవ్వొచ్చినా, గొంతు పట్టినా తప్పు లేదు.

మన పాఠశాలల్లో దీన్ని ఆడొచ్చు. మొత్తం అక్కర్లేదు, బూట్ల సీను, సభ సీను చాలు. సభను కోయలోనో గోండిలోనో నడిపి, తీర్మానం మాత్రం ఆఫీసు తెలుగులో చదివించాలి. చేతులెత్తే చోట ఆపి, చూస్తున్న పెద్దవాళ్లను ఏం చేస్తారో అడగాలి. పంతులు వేషం పిల్లలకు ఇవ్వకండి. స్టాఫ్‌రూములో ఎవరో ఒకరు వెయ్యాలి, ఉపన్యాసం ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పాలి.