రెండు చుట్ల మధ్య ఖాళీ

లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ మ్యూజియంలో ఒక ఇనప రింగు ఉంది. ఇనుము కనపడేది తక్కువే. రంగు మారిన గుడ్డ, పురికొస, వాటి కింద రాగి తీగ. 1831 ఆగస్టు 29న మైకేల్ ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను పట్టుకున్న ప్రయోగం చేసింది దీనితోనే. ఆ ప్రేరణ గురించి పదో తరగతిలో అందరం చదువుకున్నాం. తీగచుట్ట గుండా పోయే అయస్కాంత అభివాహం మారితే ఆ చుట్టలో కరెంటు పుడుతుందని ఒక్క వాక్యంలో రాసేసుకున్నాం. ఆ వాక్యాన్ని ప్రకృతి చేత చెప్పించిన పనితనం ఎలాంటిదో మాత్రం పాఠంలో ఉండదు. అది చూడాలంటే ఈ రింగు దగ్గరికే రావాలి.

తీగలో కరెంటు పారితే పక్కనున్న దిక్సూచి ముల్లు తిరుగుతుందని 1820లో అయిర్‌స్టెడ్ చూపించాడు. కరెంటు అయస్కాంతత్వాన్ని పుట్టిస్తున్నప్పుడు అయస్కాంతత్వం కరెంటును ఎందుకు పుట్టించకూడదు? యూరప్‌లో చాలామందిని తొలిచిన ప్రశ్న ఇది. ఫారడే కూడా 1820లలో ప్రయత్నించాడు, ఫలితం రాలేదు.

1831లో మెత్తటి ఇనుముతో ఈ రింగు చేయించాడు. బయటి వ్యాసం ఆరు అంగుళాలు, కడ్డీ మందం అంగుళానికి కాస్త తక్కువ. ఈ రోజు మనకు దొరికే ఎనామెల్ తీగ అప్పట్లో లేదు. ఆయన చుట్టింది వట్టి రాగి తీగ. చుట్టుకు చుట్టు తగిలితే కరెంటు అడ్డదారిన పోతుంది, చుట్టిందంతా దండగ. అందుకని చుట్టుకూ చుట్టుకూ మధ్య పురికొస, వరసకూ వరసకూ మధ్య నూలుగుడ్డ. ఫారడే కమ్మరి కొడుకు. చిన్నతనంలో పుస్తకాలు బైండింగ్ చేసే చోట ఏళ్ల తరబడి పని నేర్చుకున్నాడు. దారం బిగువు, గుడ్డ మడత ఆ చేతులకు కొత్తేమీ కాదు. పెద్ద చదువులు లేనివాడని ఆయన గురించి జాలిగా రాస్తుంటారు కానీ, ఈ రింగు చూశాక నాకు ఆ జాలి అనవసరం అనిపిస్తుంది. ఆ రోజు కావలసిన చదువు ఆయన చేతుల్లోనే ఉంది.

రింగులో ఒక సగాన్ని ఆయన ‘ఎ’ అన్నాడు. దానిమీద మూడు తీగలు, ఒక్కోటి సుమారు 24 అడుగులు. కావాలంటే మూడింటినీ కలిపి ఒకే చుట్టగా వాడుకోవచ్చు, వద్దంటే విడివిడిగా వాడుకోవచ్చు. ఎదుటి సగం ‘బి’. దానిమీద రెండు ముక్కలు కలిపి సుమారు 60 అడుగుల తీగ. చుట్టిన దిశ రెండు వైపులా ఒకటే. ఎ కీ బి కీ మధ్య రింగు మీద కొంత జాగా ఏ తీగా లేకుండా వదిలేశాడు. ఈ పనిలో నేను ఎక్కువసేపు ఆగి చూసేది ఆ ఖాళీ దగ్గరే. ఎ నుంచి బి కి రాగి దారి లేదు. కనుక బి లో కరెంటు కనపడితే అది తీగ వెంట వచ్చిందని ఎవరూ అనలేరు, ఇనుములోని అయస్కాంతత్వమే దానికి కారణం కావాలి. అలాగని ఖాళీని నమ్ముకుని ఊరుకోలేదు. ఎ మీది తీగలు ఒకదానికొకటి ఎక్కడా తగలడం లేదని బ్యాటరీ పెట్టి పరీక్షించాకే ముందుకు వెళ్లాడు. మన ఊళ్లలో మోటార్ వైండింగ్ చేసేవాళ్లు కాయిలుకూ కాయిలుకూ షార్టు ఉందేమోనని సిరీస్ ల్యాంపు పెట్టి చూసుకునేది ఇందుకే.

ఇక ముల్లు. బి చుట్ట కొసల్ని ఒక రాగి తీగతో కలిపి, ఆ తీగను రింగుకు మూడడుగుల దూరంలో ఉన్న అయస్కాంత సూచి మీదుగా పోనిచ్చాడు. రింగు తానే బలమైన అయస్కాంతం అవుతుంది కదా, సూచి దగ్గరుంటే దాన్ని నేరుగా లాగేస్తుంది. అప్పుడు కదిలించింది కరెంటో రింగో తేలదు. మరీ దూరం పెడితే ఇంకో చిక్కు. జెనీవాలో కొలాడన్ అనే శాస్త్రవేత్త అయస్కాంతం ప్రభావం తగలకూడదని కొలిచే పరికరాన్ని ఏకంగా పక్క గదిలో పెట్టాడు. తీగచుట్టలోకి అయస్కాంతాన్ని దూర్చి, ఆ గదికి నడిచి వెళ్లేసరికి ముల్లు మళ్లీ సున్నా దగ్గర నిలబడి ఉంది. ఆయన జాగ్రత్తలో లోపం లేదు. ప్రేరిత కరెంటు ఆయన వచ్చేదాకా ఆగదు, అంతే. ఫారడే సూచి రింగు పట్టుకు అందనంత దూరంలో ఉంది, కంటికి అందేంత దగ్గరలోనూ ఉంది.

నాలుగంగుళాల చదరపు పలకలు పది జతలున్న బ్యాటరీని ఎ లోని ఒక తీగకు కలిపాడు. ముల్లు కదిలింది, ఊగింది, మళ్లీ మొదటి చోటికే వచ్చి ఆగింది. బ్యాటరీ తీసేశాడు, మళ్లీ కదిలింది. ఎ మీది మూడు తీగల్నీ ఒకటిగా కలిపి చూస్తే కదలిక ఇంకా బలంగా వచ్చింది. కరెంటు నిలకడగా పారుతున్నంతసేపూ మాత్రం ఏమీ లేదు. నిలకడైన ఫలితం కోసం ఎదురుచూసే మనిషి ఆ చిన్న కదలికను చెయ్యి తగిలిందనో బల్ల అదిరిందనో తోసేసేవాడే. ఫారడే దాన్ని నోట్సులోకి ఎక్కించాడు. కలిపినప్పుడు ఒక వైపు, తీసినప్పుడు దానికి ఎదురు వైపు ముల్లు తిరుగుతుందని ఆ తర్వాత ప్రచురించిన పత్రంలో రాశాడు. కరెంటును పుట్టించేది అయస్కాంతత్వం ఉండటం కాదు, మారటం. ఈ రింగు తేల్చి చెప్పింది ఇదే.

అక్కడితో తృప్తి పడలేదు. ఎ వైపు బ్యాటరీ ఉన్నంతకాలం, మామూలు అయస్కాంతం ఒక్కటే ఈ పని చేయగలదా అన్న సందేహానికి చోటుంటుంది. అక్టోబరు 17న బోలు కాగితపు గొట్టం మీద రాగి తీగ చుట్టి, ఎనిమిదిన్నర అంగుళాల అయస్కాంతపు కడ్డీని చటుక్కున లోపలికి దూర్చాడు. బ్యాటరీ లేదు, ఇనప రింగూ లేదు. అయినా ముల్లు కదిలింది. బయటికి లాగితే ఎదురు దిక్కుకు కదిలింది. ఆ నెలాఖరులోనే పెద్ద అయస్కాంతం ధ్రువాల మధ్య రాగి పళ్లేన్ని తిప్పి, ఆగకుండా వచ్చే కరెంటును రాబట్టాడు. ఇవన్నీ నవంబరు 24న రాయల్ సొసైటీ ముందుకు వచ్చాయి.

వీధి చివర స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మర్‌లో ఉన్నదీ ఇదే అమరిక: ఒక ఇనప మార్గం, దాని మీద ఒకదానికొకటి తగలని రెండు చుట్లు. అయితే ఫారడే రింగును తెచ్చి ఇప్పటి లైనుకు కలిపితే పనికిరాదు. బ్యాటరీ కరెంటుకు అది కలిపినప్పుడూ తీసినప్పుడూ మాత్రమే పలుకుతుంది. క్షణక్షణం దిశ మారే ఏసీ ఇస్తే నిరంతరం పలుకుతుంది గానీ, ముద్ద ఇనుము కాబట్టి దానిలోనే సుడి ప్రవాహాలు పుట్టి కాగిపోతుంది. ఇనుమును సన్నటి రేకులుగానో తీగలుగానో విడదీసి ఆ వేడిని అదుపు చేయడం తర్వాతివాళ్లు నేర్చుకున్నారు. 1885లో బుడాపెస్టులో గాంజ్ కర్మాగారం ఇంజినీర్లు ముగ్గురు మూసిన ఇనప గర్భంతో ట్రాన్స్‌ఫార్మర్ తయారుచేశారు. ఫారడే పురికొసా గుడ్డా పెట్టి చుట్టిన రింగుకు అప్పటికి 54 ఏళ్లు.