టోపీ దొరికింది సరే, దీవి మాటేమిటి?

2003లో వచ్చిన 'పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్: ది కర్స్ ఆఫ్ ది బ్లాక్ పెర్ల్' సినిమా చివర్లో ఒక టోపీ ఉంది. జాక్ స్పారోకు పోయిన ఓడ మళ్లీ దక్కింది. ఆ సంతోషంలో నావికుల మీద కేకలేస్తూ పనులు పురమాయిస్తుంటాడు. సరిగ్గా అప్పుడే తెరకు ఎడమ అంచున తెల్ల టీషర్టు, గోధుమరంగు టోపీ, కళ్లద్దాలతో ఒక మనిషి నిలబడి సముద్రం వైపు చూస్తుంటాడు. ఆయన సముద్రపు దొంగ కాదు, షూటింగ్ పనివాడు. కెమెరా తనదాకా వచ్చిందని ఆయనా గమనించలేదు, తీసినవాళ్లూ గమనించలేదు. కోట్ల డాలర్లు ఖర్చుపెట్టిన సినిమా, ఆయన్ని అలాగే మోసుకుంటూ ప్రపంచమంతా తిరిగింది.

ఈ సినిమాలో తప్పులు వెతికేవాళ్లందరూ ముందు చెప్పేది ఈ టోపీ సంగతే. మా బడిలో పై తరగతుల పిల్లలకు కూడా తెలుసు. ఫోన్లో ఆ చోట ఆపి, వేళ్లతో పెద్దది చేసి మాకు చూపించారు. మేం వాళ్లను మెచ్చుకున్నాం. కళ్లముందు కదిలేదాన్ని ఆపి చూడడం చదువులో భాగమే కదా.

సినిమాను మనం చూసే వరసలో తియ్యరు. ఈ రోజు తీసిన ముక్క పక్కన నెల తర్వాత తీసిన ముక్కను అతుకుతారు. ముందు ముక్కలో చొక్కా గుండీ ఊడి ఉండి, తర్వాతి ముక్కలో పెట్టి ఉంటే చూసేవాడి కంటికి తగులుతుంది. దీన్ని మన సినిమావాళ్లు కూడా కంటిన్యూటీ తప్పు అనే అంటారు. అది జరగకుండా కాపలా కాయడానికే సెట్లో ఒక మనిషి నోటుపుస్తకం పట్టుకుని కూర్చుంటారు. ఎవరి చేతిలో కత్తి ఉంది, గ్లాసులో నీళ్లు ఎంతదాకా ఉన్నాయి, జుట్టు ఏ పక్కకు పడింది, అన్నీ రాసుకుంటారు. టోపీది నిజానికి అతుకు తప్పు కాదు, బయటివాడు లోపల పడడం. ఏదైనా ఆ నోటుపుస్తకం సరిగ్గా ఉంటే దొరికిపోయే రకమే.

ఇంకో రకం తప్పులున్నాయి. జాక్, విల్ ఇద్దరూ చిన్న పడవను బోర్లించి నెత్తిన పెట్టుకుని, దాని కింద గాలి పీలుస్తూ సముద్రం అడుగున నడుచుకుంటూ పోతారు. పిల్లలకు చాలా నచ్చిన సీను. మేం దీన్ని బడి తొట్టిలో బకెట్‌తో చేసి చూపించాం. ఖాళీ బకెట్‌ను బోర్లించి నీళ్లలోకి అదమమన్నాం. ఆరో తరగతి పిల్లవాడు రెండు చేతులూ వేసి, పొట్ట ఆనించి తొక్కినా అది పక్కకు జారి పైకి తన్నుకొచ్చింది. బకెట్‌కే ఇంత ఉంటే పడవ సంగతి చెప్పాలా? అర ఘనమీటరు గాలి పట్టే పడవ అనుకుందాం. అది నీళ్లలో మునిగి ఉండాలంటే సుమారు 500 కిలోల బరువు కిందికి లాగాలి. నీళ్లలో మునిగిన మనిషి బరువు ఎటూ లెక్కకు రాదు. జాక్, విల్ కాదు, వాళ్ల ఓడలో జనమంతా దిగి పట్టుకున్నా ఆగదు. కానీ దీన్ని తప్పుల పట్టీలో వేసేవాళ్లతో మాకు పేచీ ఉంది. అది తెలిసి ఆడిన ఆట. వెన్నెల పడితే అస్థిపంజరాలయ్యే మనుషులున్న కథలో పడవ కింద నడిస్తే వచ్చే నష్టం ఏముంది? మా తాతలు చెప్పిన కథల్లో పులి మాట్లాడేది. పులికి మాటలు రావని ఎవరమూ లేచి వెళ్లిపోలేదు.

పేర్ల దగ్గర మాత్రం మేం అంత తేలిగ్గా వదలం. దొంగల బంగారం దాచిన దీవికి సినిమాలో పెట్టిన పేరు 'ఇస్లా దె ముయెర్తా'. చావు దీవి అని వాళ్ల ఉద్దేశం. స్పానిష్‌లో అలా అనాలంటే 'ఇస్లా దె లా ముయెర్తె' అనాలి. వీళ్లు పెట్టింది చచ్చిపోయిన ఆడమనిషి దీవి అన్నట్టుగా వస్తుంది. ఒక్క అక్షరమే కదా అనిపించొచ్చు. రికార్డుల్లో మన గూడేల పేర్లు, సర్టిఫికెట్లలో మన పిల్లల ఇంటిపేర్లు పలకడం రానివాళ్లు రాస్తే ఏమయ్యాయో తెలిసినవాళ్లకు ఒక్క అక్షరం విలువ చెప్పక్కర్లేదు.

చరిత్ర తెలిసినవాళ్లు పోర్ట్ రాయల్ దగ్గర ఆగుతారు. సినిమాలో అది ఎత్తైన కొండమీద కోట ఉన్న పచ్చని ఊరు. ఆ కోట గోడమీద నుంచే ఎలిజబెత్ సముద్రంలో పడుతుంది. అసలు జమైకాలోని పోర్ట్ రాయల్ సముద్రంలోకి నాలుకలా సాగిన ఇసుక మేట చివర ఉన్న ఊరు. పడడానికి అక్కడ కొండే లేదు. 1692 జూన్ 7న వచ్చిన భూకంపానికి ఆ ఊరు మూడింట రెండు వంతులు సముద్రంలోకి జారిపోయింది. దుస్తులూ ఓడలూ చూస్తే సినిమా కథ 18వ శతాబ్దానిది. అప్పటికి ఆ వైభవం అక్కడ లేదు.

అలాగే ఈస్టిండియా కంపెనీ. జాక్ చేతిమీద దొంగ అని ముద్ర కాల్చింది కంపెనీయేనని మొదటి సినిమా చెబుతుంది. 2006లో వచ్చిన రెండో భాగం 'డెడ్ మ్యాన్స్ చెస్ట్'లో ఆ కంపెనీ దొరే కరీబియన్‌లో పెత్తనం చేస్తాడు. నిజానికి 1600లో కంపెనీకి ఇచ్చిన హక్కు ఆఫ్రికా కొసన ఉన్న గుడ్ హోప్ అగ్రానికి తూర్పున వ్యాపారానికి. కరీబియన్ పడమటి వైపున ఉంది. కంపెనీ ఎక్కడ పెత్తనం చేసిందో మాకు సినిమా చూసి తెలుసుకోవలసిన పని లేదు. గంజాం, విశాఖపట్నం కొండల్లో తిరుగుబాట్లు ఆగక, 1839లో ప్రత్యేక చట్టం చేసి కలెక్టరుకు గవర్నరు ఏజెంటు అధికారం కట్టబెట్టింది కంపెనీ పాలనే. ఆ ఏజెంటు పోయాడు, కంపెనీ పోయింది, మా కొండలను మాత్రం ఇప్పటికీ ఏజెన్సీ అనే పిలుస్తున్నారు.

ఇంతవరకూ చెప్పినవన్నీ వెతికేవాళ్లు వెతికి పట్టుకున్నవే. ఇక వాళ్ల పట్టీలో మాకు కనిపించని సంగతికి వస్తాం.

సినిమాలో చూపించిన పోర్ట్ రాయల్ సెట్ వేసింది జమైకాలో కాదు, సెయింట్ విన్సెంట్ దీవిలో, వలిలబూ అనే తీరంలో. ఆ దీవి కలినాగోలది, వాళ్లతో కలిసిపోయిన ఆఫ్రికన్ల సంతతి గరిఫునాలది. భూమి కోసం వాళ్లు బ్రిటిష్ వాళ్లతో యుద్ధాలు చేశారు. నాయకుడు జోసెఫ్ చటోయర్ 1795లో చనిపోయాడు. ఓడిపోయినవాళ్లను వేల సంఖ్యలో పట్టుకుని బాలిసో అనే చిన్న దీవిలో పడేశారు. సగం మందిదాకా అక్కడే చచ్చిపోయారు. మిగిలిన రెండు వేల పైచిలుకు మందిని 1797లో ఓడలెక్కించి, ఎక్కడో హోండురాస్ దగ్గరి రోవటాన్ దీవిలో దింపేశారు. సెయింట్ విన్సెంట్ ప్రభుత్వం 2002లో చటోయర్‌ను జాతీయ వీరుడిగా ప్రకటించింది. ఆ మరుసటి ఏడే ఈ సినిమా విడుదలైంది. ఆ నేలమీద ఎర్రకోటు సిపాయిలు కవాతు చేస్తారు, నవ్విస్తారు కూడా. ఆ నేల ఎవరిదన్న మాట మాత్రం సినిమాలో ఎక్కడా రాదు.

సినిమా పేరులోనే వాళ్లున్నారు, అదీ విచిత్రం. కరీబియన్ అన్న మాట కరిబ్ నుంచి వచ్చింది. అది కలినాగోలకు బయటివాళ్లు పెట్టిన పేరు. 1492లో కొలంబస్ చెవిన పడిన ఆ మాట నుంచే ఇంగ్లిష్‌లో నరమాంసం తినేవాడికి వాడే కానిబల్ అన్న మాట కూడా పుట్టింది. ఒక జాతి పేరు ఒక తిట్టయింది. అది ఊరికే అయింది కాదు. నరమాంసం తినేవాళ్లని తేలితే పట్టుకుని బానిసలుగా అమ్ముకోవచ్చని 1503లో స్పెయిన్ రాణి ఇసబెల్లా ఆజ్ఞ ఇచ్చింది. అలాంటప్పుడు ఓడలో దిగినవాడు, ఈ దీవివాళ్లు ఏం తింటారని అడిగితే ఏమని రాస్తాడు? ఏది రాస్తే లాభమో అదే రాస్తాడు.

కలినాగోలు అంతరించిపోయారనుకోకండి. డొమినికా దీవిలో 1903లో వాళ్లకు వదిలిన 3,700 ఎకరాల్లో ఇప్పటికీ సుమారు మూడు వేల మంది బతుకుతున్నారు. 2015లో పోరి, చట్టంలో కరిబ్ అన్న పేరు తీయించి కలినాగో అన్న తమ పేరు పెట్టించుకున్నారు.

'డెడ్ మ్యాన్స్ చెస్ట్'లో పెలెగోస్తో అనే జాతి ఉన్న దీవిని చిత్రీకరించింది ఆ డొమినికాలోనే. పెలెగోస్తోలు కల్పించిన జాతి, వాళ్లది కల్పించిన భాష. ఒంటినిండా రంగులు, ఎముకలతో కట్టిన బోనులు. జాక్‌ను దేవుడిగా కొలుస్తూ, కాల్చుకు తినడానికి మంట సిద్ధం చేస్తుంటారు. వాళ్లను కాసేపు చూసి నవ్వాలి, కాసేపు భయపడాలి, తర్వాత మర్చిపోవాలి. కథకు వాళ్లతో ఉన్న పని అంతే.

ఈ సీను సంగతి తెలిసి, షూటింగుకు ముందే 2005లో కలినాగోల పెద్ద చార్లెస్ విలియమ్స్ బహిరంగంగా అభ్యంతరం చెప్పాడు. మా పూర్వులు దురాక్రమణకు ఎదురు నిలిచినందుకే వాళ్లమీద ఈ ముద్ర వేశారన్నది ఆయన వాదన. బెలీజ్‌లోని గరిఫునా జాతీయ మండలి కూడా గొంతు కలిపింది. అయినా సీను సీనులాగే ఉంది. ఆ సినిమా వంద కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది.

సినిమాలో తప్పు అన్న మాట ఇక్కడ మాకు చాలడం లేదు. పిల్లవాడు తొందరలో ఒత్తు మర్చిపోతే ఎర్రసిరాతో సున్నా చుడతాం, మరోసారి రాయమంటాం. అది తప్పు. చెప్పినా వినకుండా రాసినదాన్ని అలా అనలేం. టోపీని ఎవరూ చూడలేదు కాబట్టి అది ఉండిపోయింది. పెలెగోస్తోలను అందరూ చూశారు, కాగితంమీద చదివారు, వద్దన్నవాళ్ల మాట విన్నారు, ఆపైన డబ్బు పెట్టి తీశారు. మొదటిది పొరపాటు, రెండోది నిర్ణయం. తప్పులు లెక్కపెట్టేవాళ్లు పొరపాట్లకు వందల వరసలు రాసి, నిర్ణయానికి ఒక్క వరస కూడా ఇవ్వకపోవడమే మా ఫిర్యాదు. ఇసుకలో కొండ మొలిస్తే పట్టుకున్న కన్ను, బతికున్న జాతి నోట్లో మనిషి ఎముక పెడితే ఎందుకు పట్టుకోలేదు?

ఇది నవ్వుకోవడానికి తీసిన సినిమా, ఇంగ్లిష్ సిపాయిలను కూడా వెర్రివాళ్లుగా చూపించారు కదా అని మా తోటి టీచరు ఒకరు అన్నారు. నిజమే. కానీ అదే సినిమాలో ఇంగ్లిష్‌వాడు గవర్నరు, కమ్మరి, ప్రేమికుడు, తండ్రి కూడా. ఒకడు వెర్రివాడైతే పక్కన పదిమంది ఇంకో రకంగా ఉంటారు. దీవివాళ్లకు ఇంకో రకం లేదు. రెండు సినిమాల్లో ఎక్కడా ఒక కలినాగో తల్లి పిల్లను పిలవదు, ఒక కలినాగో ముసలాయన చేపల వల బాగుచేసుకోడు.

ఆ షూటింగులో కలినాగోలు కొందరు వేషాలు వేశారని, మరి వాళ్లకు లేని బాధ మీకెందుకని కూడా అనొచ్చు. పని లేని చోట కూలికి వెళ్లినవాళ్లను మేం ఏమీ అనం. మారేడుమిల్లి ఘాట్లో షూటింగ్ బండ్లు ఆగితే పనికోసం ఎవరు నిలబడతారో మనకు తెలియనిది కాదు. ఆ రోజు కూలి తీసుకున్నంత మాత్రాన కథ రాసినవాడి బాధ్యత కూలివాడి మీదికి రాదు.

ఆ పని హాలీవుడ్ ఒక్కటే చేయలేదు కూడా. హీరో అడవిలో దారి తప్పగానే ఈకలు కట్టుకుని బల్లేలతో చుట్టుముట్టే గుంపు మన తెలుగు సినిమాల్లో ఎన్నిసార్లు రాలేదు! అర్థం లేని అరుపులు, కమెడియన్‌ను చెట్టుకు కట్టి చుట్టూ చిందులు, దొరసాని గొంతులో బలి మాట. అక్కడ ఆ ఈక ఏ పిట్టది, ఆ మాట కోయదా కువిదా గోండిదా, ఆ డప్పు కొట్టే తీరు ఏ గూడెంలోది అని అడిగే నోటుపుస్తకం ఏ సెట్లోనూ లేదు. చొక్కా గుండీకి ఉన్నపాటి కాపలా మా భాషకు లేదు.

మేం పిల్లలను సినిమా చూడొద్దని అనలేదు. జాక్ స్పారో నడక మాకూ ఇష్టమే, జానీ డెప్ ఆ వేషాన్ని ఎంత సరదాగా వేశాడో ఎవరైనా ఒప్పుకుంటారు. ఈసారి తప్పులు వెతికేటప్పుడు కాగితాన్ని నిలువుగా రెండుగా మడవమన్నాం. ఒక పక్క ఎవరూ చూసుకోక జరిగినవి, రెండో పక్క చూసే చేసినవి. మొదటి పక్క పావుగంటలో నిండిపోయింది. రెండో పక్క ముందుగా రాసింది తొమ్మిదో తరగతి అమ్మాయి. పెలెగోస్తోల ఊళ్లో ఆడవాళ్లున్నారు, పిల్లలున్నారు, వాళ్లు రోజూ ఏం వండుకుంటారో ఎందుకు చూపించలేదని రాసింది. తర్వాత అట్లాసు తెచ్చి డొమినికా ఎక్కడుందో చూపించమంది. దాన్ని వెతకడానికి భూతద్దం కావలసి వచ్చింది.