తడి తుడవమని చెప్పిన పుస్తకం

పారిస్‌లో వంట నేర్చుకున్న అమెరికన్ జూలియా చైల్డ్, సిమోన్ బెక్, లూయిసెట్ బెర్తోల్‌తో కలిసి 1961లో తెచ్చిన ఫ్రెంచి వంటల పుస్తకం పనితనం చూడండి. ఎడమవైపు దినుసులు, వాటి పక్కనే వాటితో ఏం చేయాలో. గరిటె పట్టుకుని వెనక్కి పేజీలు తిప్పే పనే లేదు. రెడ్ వైన్‌లో ఉడికే బెఫ్ బూర్గిన్యోన్‌కి ముందు మాంసం ముక్కల తడి తుడిచేయమంటారు. చెమ్మ ఉంటే ఎర్రగా వేగవు. పుట్టగొడుగులు ఇరుకుగా వేస్తే వాటి నీటిలోనే ఉడికిపోతాయి. వేపుళ్లు చేసే చేతులకిది తెలుసు, కాగితం మీద పెట్టేవాళ్లే తక్కువ! ఆ ‘ఎందుకు’ రాయడానికి ఒక్కో వంటా పదేపదే వండి చూశారు. ఫ్రాన్సు పిండికి, అమెరికా పిండికి తేడా అలాగే పట్టారు. గుడ్డు సొన, వెన్నతో చేసే హాలండేజ్ సాస్ విరిగితే ఎలా సరిచేయాలో కూడా ముందే చెప్పి పెట్టారు.