నాగయ్య గొంతు

మా చిత్తూరు పక్క నటుడి గొంతుకు ఒక కొలమానం ఉంది. తపస్సు మాను. ద్రౌపదమ్మ గుడి ముందు పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. అర్జున తపస్సు నాడు వేషం కట్టినవాడు తాటిచెట్టంత మాను మీదికి, మెట్టు మెట్టుకూ పద్యం పాడుకుంటూ ఎక్కుతాడు. కింద పిల్లల్లేని ఆడవాళ్ళు తడిబట్టలతో సాష్టాంగపడి ఉంటారు. పైనుంచి ఆయన విసిరే నిమ్మకాయ కొంగులో పడితే కడుపు పండుతుందని నమ్మకం. మైకులు రాని రోజుల్లో ఆ మాను కొసన నిలబడి పాడిన పద్యం భారతం మిట్ట అవతల చెరుకు తోటల్లో నీళ్ళు కట్టేవాడికి కూడా వినబడాలి. వినబడకపోతే మరుసటేడు వేషం ఇంకొకరికి పోతుంది.

అలాంటి చెవులున్న జిల్లాలో పెరిగిన గొంతు పెద్దది కావడంలో వింత లేదు. ఆ పెద్ద గొంతును అదుపులోకి తెచ్చి, మన పక్కన కూర్చుని మాట్లాడే మనిషి గొంతంత చేసుకున్నారు ఒకాయన. పేరు ముందు మా ఊరి పేరు పెట్టుకుని దేశమంతా తిరిగిన చిత్తూరు వి. నాగయ్య. తెలుగు తెర మీద వాచికం అనే విద్యకు ఓనమాలు దిద్దినది ఆయనే అని నేను ఎక్కడైనా, ఎవరి ముందైనా చెబుతాను.

పుట్టింది ఇక్కడ కాదు. 1904 మార్చి 28న ఇప్పటి బాపట్ల జిల్లా రేపల్లెలో. కుటుంబం కుప్పం వైపు వచ్చింది. తిరుమల దేవస్థానం వారి సాయంతో చదువు, ఆఫీసులో గుమస్తా పని, ఆంధ్రపత్రికలో కొంతకాలం కొలువు, ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో జాతీయోద్యమం. ఇవన్నీ బతుకుతెరువు సంగతులు. అసలు బతుకు చిత్తూరు రామవిలాస సభ నాటకాల్లో గడిచింది. సారంగధరలో చిత్రాంగి వేషం కడితే ఊళ్ళో ఆడవాళ్ళే ఆ నడక నేర్చుకోవాలనుకున్నారని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. నేను చూడలేదు కాబట్టి ఒట్టు వేయను. కానీ మగవాడు ఆడవేషం కట్టినప్పుడు ముందు నేర్చేది గొంతు తగ్గించడమే. నాగయ్యకు ఆ పాఠం అక్కడే పడిందని నా నమ్మకం.

రాయలసీమ నాటకానికి ఒక ధోరణి ఉంది. ఈ మాట అంటే కోస్తా మిత్రులకు కోపం వస్తుంది, రానివ్వండి. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదిని సభ, కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ నడిపిన కాలం నుంచి మా వైపు నాటకం అంటే ముందు మాట, తర్వాత పాట. తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవ అయితే మితిమీరిన రాగాలు నాటకాన్ని మింగేస్తున్నాయని జీవితాంతం పోరాడారు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పద్యానికి ఒన్స్‌మోర్‌లు పడుతుంటే చచ్చిపోయిన పాత్ర లేచి మళ్ళీ పాడి మళ్ళీ చచ్చిపోయిన సంగతులు అందరికీ తెలిసినవే. ఆ గాయకుల ప్రతిభకు నేనూ చేతులెత్తి మొక్కుతాను. ఆ దారిలో పాత్ర మిగలదన్నదే నా బాధ. నాగయ్యలో ఈ రెండు నీళ్ళూ కలిశాయి. సంగీతం ఆ పక్కది, సంయమనం ఈ పక్కది.

నా చిన్నప్పుడు మా ఊరి హార్మోనిస్టు తాత ఒకాయన పిల్లలకు పద్యం నేర్పేవాడు. శ్రుతి పెట్టి ఊరుకునేవాడు, వాయించేవాడు కాదు. "ఒరే అబ్బోడా, పాడేదానికి ముందర చెప్పేది నేర్చుకో. నువ్వు పద్యం పాడతా వుంటే మీయవ్వకు అర్థం కావాల" అనేవాడు. ఊపిరి ఎక్కడ తీయాలో చూపించేవాడు. వృత్తానికి పాదం ఒక చోట తెగుతుంది, మాటకు అర్థం ఇంకో చోట తెగుతుంది. కొత్తగా నేర్చినవాడు పాదం చివర ఊపిరి తీస్తాడు, పద్యం ముక్కలవుతుంది. తెలిసినవాడు మాట ముగిసిన చోట తీస్తాడు, పాదం దాటి పద్యం నడుస్తుంది. రాగం తీసేది పద్యం చివర, అదీ ఆ పాత్ర మనసు ఎంత ఓపితే అంతే. ఇది చెప్పి ఆయన ప్రతిసారీ ఒకే పేరు ఎత్తేవాడు: "భక్త పోతనలో నాగయ్యను చూడుపో."

ఎన్నో ఏళ్ళ తర్వాత గాని నేను ఆ సినిమా చూడలేదు. చూసినప్పుడు తాత చెప్పిన పాఠమంతా కళ్ళెదుట నిలబడింది. 1943 నాటి సినిమా, కె.వి. రెడ్డి మొదటి చిత్రం, సంగీతం కూడా నాగయ్యదే. పద్యం ఎత్తుకునేటప్పుడు ఆయన గొంతు సవరించుకోరు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఉండగానే మాట పద్యంలోకి జారుకుంటుంది. ఎక్కడ మాట ఆగింది, ఎక్కడ పద్యం మొదలైంది అని వేలు పెట్టి చూపలేం. నాటకంలో హార్మోనియం ముందుగా మోగి "ఇక పద్యం వస్తోంది" అని చాటింపు వేస్తుంది. నాగయ్య ఆ చాటింపును తీసేశారు. మహాప్రాణాలు గట్టిగా కొట్టకుండా, అలాగని ఊదేయకుండా పలుకుతారు. భగవంతుణ్ణి పిలిచేటప్పుడు స్వరం పైకి పోదు, లోపలికి పోతుంది. దగ్గరున్నవాణ్ణి పిలిచినట్టు పిలుస్తారు. ఆ ఒక్క ఎరుక చాలు ఆయన్ను పోతన చేయడానికి.

ఈ విద్య ఒక్కరోజులో రాలేదు. మొదటి సినిమా 1938లో వచ్చిన గృహలక్ష్మి. అప్పటికి ఆయనకు ముప్ఫై నాలుగేళ్ళు. ఆ కాలపు టాకీల్లో చాలామంది స్టేజీ నటులు మైకు ముందు కూడా ఆఖరి బెంచీవాడికి వినిపించేలా అరిచారు. నాగయ్య అదృష్టం ఏమంటే వాహినీ వంటి సంస్థ దొరికింది. పులివెందుల వైపు నుంచి వచ్చిన బి.ఎన్. రెడ్డి దర్శకుడు, రామనాథ్ కెమెరా, శేఖర్ శబ్దం. వందేమాతరం 1939లో, సుమంగళి 1940లో, దేవత 1941లో. ఏటా ఒక మెట్టు. సుమంగళిలో వీరేశలింగం పంతుల్ని తలపించే సంస్కర్త వేషం. వయసు మీదపడినవాడి గొంతులో వణుకు పెట్టడం ఎవరైనా చేస్తారు. నాగయ్య వణుకు పెట్టలేదు, మాటకూ మాటకూ మధ్య ఎడం పెంచారు. ముసలితనం ఆ ఎడంలో ఉంది. దేవతలో పనిపిల్లను మోసం చేసి పోయిన యువకుడు. ఆ పశ్చాత్తాపమంతా కూడా అరుపుల్లో కాదు, సగంలో ఆగిపోయిన వాక్యాల్లోనే ఉంది.

భక్తుల వేషాలు చూసి ఆయన్ను సాధుమూర్తి అనుకునేవాళ్ళు స్వర్గసీమ చూడాలి. 1945లో వచ్చింది. భానుమతి మాయలో పడి ఇల్లాల్ని వదిలేసే పత్రికా సంపాదకుడి పాత్ర. పెళ్ళాంతో మాట్లాడేటప్పుడు గొంతు పొడిగా, కాగితం నలిగినట్టు. ఆ రెండో ఇంట్లో అదే గొంతు తేనె. మనిషి ఒకడే, మాటలు కూడా మామూలు మాటలే. చెవులు మూసుకుని చూస్తే సగం కథే తెలుస్తుంది, కళ్ళు మూసుకుని వింటే మొత్తం తెలుస్తుంది. అదే ఏడు తమిళంలో మీరా. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి పాడుతుంటే ఎదురుగా రాణాగా నిలబడటం సామాన్యమా? ఆ సంగీతం ముందు తన పాట కాదు, తన మాటనే ఆయుధం చేసుకున్నారు.

1946లో త్యాగయ్య. నటన, దర్శకత్వం, నిర్మాణం అన్నీ తానే. ఇక్కడ నేను పక్షపాతం దాచుకోను. 1981లో బాపు కూడా త్యాగయ్య తీశారు. సోమయాజులు గొప్ప నటుడు, బాలసుబ్రహ్మణ్యం గొప్ప గాయకుడు. ఇద్దరూ నాకు ఇష్టమే. కానీ అక్కడ త్యాగయ్యలు ఇద్దరు: ఒకరు కనిపిస్తారు, ఒకరు వినిపిస్తారు. నాగయ్య త్యాగయ్యలో పాడే గొంతూ, ఏడ్చే గొంతూ ఒకటే. కచేరీ విద్వాంసుడిలా సంగతుల మీద సంగతులు వేయరు. కృతిలో ఎక్కడ త్యాగయ్యకు గొంతు పూడుకుపోతుందో అక్కడ నిజంగానే స్వరం సన్నబడుతుంది. సంగీతం తెలిసిన ఒక మిత్రుడు "అక్కడ శ్రుతి ఒక వెంట్రుకవాసి తగ్గింది" అన్నాడు నాతో. తగ్గాలి మరి. ఆ క్షణంలో శ్రుతి తగ్గకుండా పాడేవాడు గాయకుడు, తగ్గినవాడు త్యాగయ్య.

యోగి వేమన గురించి రాయాలంటే చెయ్యి ఆగదు. 1947లో వచ్చింది. తీసిన కె.వి. రెడ్డి తాడిపత్రివాడు, కథ మా సీమ యోగిది, వేషం వేసినవాడు చిత్తూరు నాగయ్య. ఇంతకన్నా ఏం కావాలి మాకు! మోహనాంగి ఇంట్లో మసలే భోగి వేమన మాట చురుగ్గా, నవ్వు అంచున ఉంటుంది. అన్న కూతురు జ్యోతి చనిపోయాక మాట నెమ్మదిస్తుంది. అక్కడి నుంచి సమాధి దాకా ఆ గొంతు ఒక్కో బరువూ దించుకుంటూ పోతుంది. చివరకు మిగిలిన గొంతులో కోరిక లేదు, ఉపదేశం కూడా లేదు. వేమన పద్యం బడిపిల్లలు అప్పజెప్పే పద్యం కాదనీ, కడుపు కాలి అన్న మాట అనీ నాకు తెలిసింది ఆ సినిమా చూశాకే.

1950లో బీదలపాట్లు. ఫ్రెంచి రచయిత విక్టర్ హ్యూగో నవలకు మన రూపం, తమిళంలో ఏళై పడుం పాడు. దర్శకుడు పాత వాహినీ కెమెరామన్ రామనాథే. జైలు నుంచి వచ్చిన మొరటువాడు మంచివాడవడం కథ. రెండు భాషల్లోనూ తానే పలికారు. ఫిల్మిండియా సంపాదకుడు బాబూరావు పటేల్ ఆయన్ను భారతదేశపు పాల్ ముని అన్నాడని మనవాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. ఆ బిరుదు నాకు అంతగా నచ్చదు. ఆ హాలీవుడ్ నటుణ్ణి అమెరికా నాగయ్య అని ఎవరూ అనలేదు గదా! 1965లో పద్మశ్రీ ఇచ్చారు. అది ఆయనకు న్యాయంగా రావలసిందే.

తర్వాతి కథ చెప్పాలంటే గొంతు పూడుకుపోతుంది. సంపాదించిన చెయ్యే పంచిపెట్టింది. మద్రాసులో ఆయన ఇంట విస్తరి వేయని పూట లేదంటారు. సొంత చిత్రాలు డబ్బు తినేశాయి. ఏళ్ళ తరబడి కష్టపడి 1964లో భక్త రామదాసు విడుదల చేశారు. అందులో గుమ్మడి వేసిన కబీరు పాత్రకు మహమ్మద్ రఫీ చేత పాడించారు. ఆ వయసులో, ఆ ఇబ్బందుల్లో కూడా పాత్రకు సరైన గొంతు కోసం బొంబాయి దాకా పోయిన మనిషి ఆయన. మరోపక్క ఇతరుల చిత్రాల్లో పక్క వేషాలు వేశారు. లవకుశలో వాల్మీకి, పాండురంగ మహాత్మ్యంలో తండ్రి. ఎంత చిన్న వేషమైనా ఆ మాట వినబడగానే హాల్లో జనం సర్దుకుని కూర్చునేవారు. 1973 డిసెంబరు 30న మద్రాసులో కన్నుమూశారు. పానగల్ పార్కు దగ్గర విగ్రహం ఉంది. చిత్తూరులో ఆయన పేరున కళాక్షేత్రం ఉంది.

విగ్రహానికి దండ వేస్తే సరిపోతుందా? ఆయన నేర్పిన విద్య ఏమైంది? ఇవాళ మా తిరునాళ్ళలో నాటకం వేస్తే మెడలో మైకు, మైకులో ఎకో. కృష్ణుడు ఒక్క మాట అంటే నాలుగుసార్లు వినబడుతుంది, ఒక్కసారీ అర్థం కాదు. పద్యం మధ్యలో చదివింపులు. "ఫలానా వారు ఐదువందల రూపాయలు" అని హార్మోనిస్టు ప్రకటిస్తాడు, ధర్మరాజు ఆగి నమస్కారం పెట్టి మళ్ళీ ఏడుపు మొదలుపెడతాడు. పోయినేడు ఒక పిల్లల ఉత్సవానికి నన్ను పిలిచారు. పద్యాలన్నీ రికార్డువి. పిల్లలు పెదాలు కదిపారు. కదిపిన పెదాలకు బహుమతులు ఇమ్మని నా చేతికి కప్పులు ఇచ్చారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు. పాపం పిల్లలదా? నేర్పనివాళ్ళది.

సినిమా సంగతి అంతకన్నా ఘోరం. ముఖం ఒక ఊరిది, గొంతు ఇంకో ఊరిది. డబ్బింగు కళాకారుల మీద నాకు కోపం లేదు. పి.జె. శర్మ, ఆయన కొడుకు సాయికుమార్ వంటివారు చీకటి గదిలో నిలబడి ఎందరు నటులకు ప్రాణం పోశారో లెక్కే లేదు. అది మహా విద్య. నా కోపమంతా భాష నేర్చుకునే ఓపిక లేని నటుల మీద, వాళ్ళకు ఆ అవసరం లేదని చెప్పే నిర్మాతల మీద. మా యాసను అయితే వీళ్ళు అరుపుగా మార్చేశారు. చిత్తూరు మాట తమిళ గాలి తగిలి వంకలు తిరుగుతూ, మెత్తగా, సాగదీసినట్టు ఉంటుంది. నామిని కథలు చదివినవాడికి, పులికంటి కృష్ణారెడ్డి నోట విన్నవాడికి ఆ తీపి తెలుసు. వేటకొడవలి పట్టి గర్జించే తెర మీది రాయలసీమ భాష మా ఇళ్ళల్లో ఎవరూ మాట్లాడరు.

తిరుపతిలో దేవస్థానం వారి సంగీత నృత్య కళాశాల ఉంది, విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. పద్యం చెప్పడం అనే విద్యకు ఒక గురువును, ఒక గదిని, ఒక హార్మోనియాన్ని ఇవ్వలేమా? ఊళ్ళల్లో భారతం ఆడే వేషగాళ్ళు ఇంకా కొందరు మిగిలారు. వాళ్ళ చేత నేర్పించండి. నాగయ్య సినిమాలు పిల్లలకు వేసి చూపించండి, ఒక్కో పద్యం దగ్గర ఆపి ఊపిరి ఎక్కడ తీశాడో గమనించమనండి.

చిత్తూరు పెద్దలకు ఇంకొక్క మనవి. వచ్చే మార్చి 28న కళాక్షేత్రంలో సభ పెట్టండి. ఉపన్యాసాలు తగ్గించండి, మైకు ఆపేయండి. ఒక కుర్రాణ్ణి నిలబెట్టి ఒక్క పద్యం చెప్పించండి. నేను ఆఖరి వరుసలో కూర్చుంటాను.