ముసురులో కాలువ గట్టున

మన దగ్గర సైకిలు మీద ఊళ్లు తిరగడానికి అసలైన కాలం వానాకాలమే. చాలామంది ఈ మాట ఒప్పుకోరు, చలికాలమే మేలంటారు. గోదావరి డెల్టాలో సంక్రాంతి రోజుల మంచులో తెల్లవారుజామున తొక్కితే పదడుగుల అవతల ఏముందో కనపడదు. మే నెలలో పొద్దున ఎనిమిదింటికే ఒళ్లు మండిపోతుంది. అదే జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలి, ఆకుమళ్లు పచ్చబడి, జూలైలో నాట్లు పడుతున్నప్పుడు ఏదో ఒక ఆదివారం ముసురు పట్టిన పొద్దునే బయలుదేరి చూడండి. ధవళేశ్వరం దగ్గర బ్యారేజీ దాటి, బొబ్బర్లంక మీదుగా కాలువ వెంట ఆత్రేయపురం వైపు ఒక స్నేహితుడితో వెళ్తే, ఎండలో గంటకే ఆయాసపడే మనిషి పూటంతా తొక్కగలడు. ఒళ్లు వేడెక్కనివ్వకుండా వానే చూసుకుంటుంది.

దారి కూడా అందుకు అనువైనదే. ఆర్థర్ కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఈ కాలువలు సాగునీటికే కాదు, పడవలకూ దారులయ్యాయి. మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవలు లాగేవాళ్లు. గట్టు కాలువ వాలును పట్టుకుని పోతుంది, ఆ వాలు కంటికి ఆనదు. ఎక్కుడు లేదు, దిగుడు లేదు. బరువైన సైకిలుకు ఇంతకంటే ఏం కావాలి?

వానలో తొక్కడమనే విద్య సరదా కోసం పుట్టింది కాదు. క్యాన్లు కట్టుకుని పాలుపోసే మనిషి, లంక ఊళ్లకు ఉత్తరాలు మోసిన పోస్టుమ్యాను, పక్క ఊరి బడికి వెళ్లే పంతులుగారు వాన తగ్గేదాకా ఆగలేకపోయారు కాబట్టి నేర్చుకున్నారు. వాళ్ల చేతిలో ఉన్నది నల్లరంగు పెద్ద సైకిలు. 28 అంగుళాల చక్రాలు, వెడల్పాటి మడ్‌గార్డులు, కొన్నింటికి చైనును పూర్తిగా కప్పే రేకు డబ్బా. వానలు ఎక్కువైన ఇంగ్లండులో తయారైన నమూనా అది. స్వాతంత్ర్యం వచ్చాక అంబత్తూరు, లూథియానా, సోనీపట్ ఫ్యాక్టరీల నుంచి మన ఊళ్లకు చేరింది. దాన్ని పాతకాలపు ఇనుప సామాను అంటూ పక్కన పెట్టి, మడ్‌గార్డుల్లేని సన్నని బండి కొనుక్కుని, వీపంతా బురద చారతో ఇల్లు చేరేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. వెనక మడ్‌గార్డు కింద వేలాడే రబ్బరు ఫ్లాపు మీద ఒకప్పుడు అభిమాన హీరో బొమ్మ ఉండేది. బొమ్మ సంగతి ఎలా ఉన్నా, ఆ ఫ్లాపు వల్ల మేలు వెనక వచ్చేవాడికే. అది లేకపోతే వెనక చక్రం చిమ్మే బురద నీళ్లు తిన్నగా వాడి మొహాన పడతాయి.

ఈ బండికి ఉన్న పెద్ద లోపం బ్రేకు. రాడ్ బ్రేకు లాగితే రబ్బర్లు రిమ్ముకు లోపలివైపు ఒత్తుకుంటాయి. రిమ్ము ఉక్కుది, పైన క్రోమియం పూత. తడిసిన పూత మీద రబ్బరు జారుతుంది. చక్రం కొన్ని చుట్లు తిరిగి ఆ నీళ్లు తుడుచుకుపోతే గానీ పట్టు దొరకదు. అల్యూమినియం రిమ్ములు ఇంతకంటే చాలా నయం, అయినా వాటికీ తడి తడే. అందుకని వానలో తొక్కేవాడు ఆగాల్సిన చోటికి చాలా ముందే బ్రేకును మెల్లగా ఆనించి పట్టుకుంటాడు. రిమ్ము కాస్త ఆరాక అసలు నొక్కు నొక్కుతాడు. మలుపులో బ్రేకు ముట్టుకోడు, వేగం ముందే తగ్గించుకుని హ్యాండిల్ కుదురుగా ఉంచి తిరుగుతాడు. మలుపు తిరుగుతూ ముందు బ్రేకు వేస్తే పడ్డట్టే. రైలు పట్టాలనూ, వంతెన మీది ఇనుప అతుకులనూ అడ్డంగా, సూటిగా దాటాలి. ఏటవాలుగా వెళ్తే చక్రం జారిపోతుంది. ఇవన్నీ తెలిశాక, ఒక చేత్తో గొడుగు పట్టుకుని తొక్కడం ఎందుకు పనికిరాదో వేరే చెప్పక్కర్లేదు.

గొడుగుకు బదులు మన రైతులు ఖాళీ ఎరువుల సంచిలో ఒక మూలను రెండో మూలలోకి దూర్చి తల మీంచి వేసుకుంటారు. వీపు తడవదు, చేతులు ఖాళీగా ఉంటాయి, ముందువైపు తెరిచి ఉంటుంది కాబట్టి చెమట పట్టదు. ఖరీదైన రెయిన్‌కోటులో లోపల చెమటతో తడిసి ముద్దవడం కన్నా ఇది మేలని నా నమ్మకం. వెచ్చటి వానలో తొక్కుతున్నంతసేపూ తడిసినా చలి తెలియదు. ఆగి టీ తాగుతున్నప్పుడు గాలి తగిలితే వణుకు మొదలవుతుంది. పాలిథిన్ కవర్లో ఒక పొడి చొక్కా పెట్టుకుంటే చాలు.

ఇక స్నేహితుడు. తోడు కబుర్లకే అనుకుంటాం. వానలో తోడంటే ఇంకో జత కళ్లు. పొడి రోడ్డు మీద వెనకే అంటుకుని వచ్చేవాడు వానలో మూడు నాలుగు సైకిళ్ల దూరం ఉంచి, కొద్దిగా పక్కకు జరిగి రావాలి. నీళ్లు నిండిన గుంట లోతు పైకి తెలియదు కాబట్టి ముందున్నవాడు అరిచి చెప్పాలి. “ఒరేయ్, ఎడంపక్క గుంట!” “గేదెలొస్తున్నాయ్, ఆగు!” కాసేపటికి వెనకవాడు ముందుకు రావాలి, ఎందుకంటే వాన మొహాన కొడుతుంటే ఎక్కువసేపు రోడ్డు మీద చూపు నిలపడం కష్టం. గట్టున తొక్కేటప్పుడు ఇద్దరూ పొలం వైపే ఉండాలి. నానిన గట్టు అంచు కాలువలోకి ఎప్పుడు విరుగుతుందో తెలియదు.

కంకర అయిపోయి నల్లమట్టి మొదలైన చోట అసలు పరీక్ష. మట్టి టైరుకు పొరలు పొరలుగా చుట్టుకుని మడ్‌గార్డులోకి ఎక్కి చక్రాన్ని బిగించేస్తుంది. బలం పెట్టి తొక్కితే చైను తెగుతుంది తప్ప బండి కదలదు. దిగి, కొబ్బరిమట్ట ముక్కతో ఒకరు గోకుతుంటే ఇంకొకరు బండిని ఎత్తి పట్టుకోవాలి. ఆ తర్వాత గడ్డి ఉన్న అంచున నడిపించుకుంటూ పోవాలి. ఒంటరిగా ఉన్నవాడికి ఇదే పని చాలా విసుగు పుట్టిస్తుంది. ఇద్దరుంటే ఆ పావుగంటలోనే ఊడ్పు చేలో పాట వినపడుతుంది, కాలువ నీళ్లు ఎర్రబడ్డాయా లేదా అన్న చర్చ మొదలవుతుంది. తొక్కుతూ దాటిపోయిన దారి కంటే నడిపించిన దారి నాకు బాగా గుర్తుంటుంది.

వెళ్లకూడని రోజులూ ఉన్నాయి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిది ఎగరేసినప్పుడే లంకల వైపు ప్రయాణం మానుకోవాలి. కాజ్‌వే మీద నీళ్లు పారుతుంటే మోకాలి లోతైనా దిగకూడదు. ఇక మెరుపు. మెరిశాక ఉరుము వినపడడానికి పట్టిన సెకన్లను మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో పడిందో సుమారుగా తెలుస్తుంది. ముప్ఫై సెకన్ల లోపు వినపడితే గట్టు దిగి ఏదైనా పక్కా భవనంలోకి చేరాలి. తాటిచెట్టు, కొబ్బరిచెట్టు కిందకు మాత్రం కాదు.

ఇంటికి రాగానే పడుకోకండి. ముందు బండిని కడిగి పొడిగుడ్డతో తుడవండి. చైనుకు లింకు లింకుకూ చుక్క నూనె వేసి, మిగిలింది తుడిచేయండి. బాటమ్ కప్పుల్లోకి, చక్రాల ఇరుసుల్లోకి దిగిన నీళ్లు మర్నాటికి పైకి తెలియవు కానీ, నెల తిరిగేసరికి లోపలి బాల్స్ తుప్పు పట్టి గరగరమంటాయి. వానాకాలం ముందు ఒకసారి, దసరా అయ్యాక ఒకసారి బండి మొత్తం విప్పించి గ్రీజు పెట్టించుకోండి. ఆ పని ఓపిగ్గా చేసే సైకిలు మేస్త్రీలు మన పల్లెటూరి సెంటర్లలో ఇంకా ఉన్నారు, వాళ్లకు పని కావాలి.