నెల జీతం, ఏడాది ఖర్చు

ఇంటి ఖర్చుల్లో నెలనెలా తప్పనివి పాలు, కూరగాయలు, అద్దె, కరెంటు, పనిమనిషి జీతం. మిగిలినవి వాటికి తోచినప్పుడు వస్తాయి. బడి ఫీజు జూన్‌లో, ఆస్తి పన్ను ఏప్రిల్‌లో, బట్టలు దసరాకు, బండి బీమా దాని గడువుకు, పెళ్లిళ్ల చదివింపులు ముహూర్తాలను బట్టి. ఆదాయం మాత్రం నెలకొక్కసారే. సికింద్రాబాద్ శివార్లలో, సైనిక ప్రాంతాలను ఆనుకుని ఉన్న యాప్రాల్‌లో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఇక్కడ సైన్యం నుంచి రిటైరై ఇల్లు కట్టుకున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. ఒక ఇల్లు నెలాఖరు పెన్షన్ మీద నడిస్తే, పక్క ఫ్లాటు ఒకటో తారీఖు జీతం మీద నడుస్తుంది. రెండిళ్లలోనూ నెల లెక్క సరిగానే ఉంటుంది. తప్పేది ఏడాది లెక్క.

అందుకే ఇంటి బడ్జెట్ ఏడాదికి వేసుకోవాలి. ఉదాహరణకు బడి ఫీజు 60,000, ఆరోగ్య బీమా 24,000, పండగలు, చదివింపులు 20,000, బండి బీమా, సర్వీసింగ్ 12,000, ఆస్తి పన్ను 4,000 అనుకుంటే మొత్తం 1,20,000 రూపాయలు. అంటే నెలకు 10,000. ఈ పదివేలు జీతం పడిన రోజే వేరే ఖాతాలోకి వెళ్లకపోతే, జూన్‌లో క్రెడిట్ కార్డు మీదో బంగారం తాకట్టు మీదో తేవాల్సి వస్తుంది. నెలాఖరున మిగిలినది దాద్దాం అనుకునే ఇంట్లో సాధారణంగా ఏమీ మిగలదు. ముందే కూడబెట్టుకుంటే చిన్న లాభాలూ ఉన్నాయి. ఆ ఏడాది ఆస్తి పన్ను ఏప్రిల్‌లోనే కట్టేవారికి జీహెచ్‌ఎంసీ ఏటా 5 శాతం రాయితీ ఇస్తూ వచ్చింది. ఏప్రిల్‌లో చేతిలో డబ్బున్నవారికే అది దక్కుతుంది.

సరుకుల విషయంలో పాతతరం ఏడాది లెక్కనే పాటించింది. పంట చేతికొచ్చే రోజుల్లో సరుకు మంచిది దొరుకుతుంది, ధర కూడా సాధారణంగా దిగి ఉంటుంది. సంక్రాంతి వెళ్లాక తాండూరు వైపు నుంచి కొత్త కందిపప్పు వస్తుంది. శివరాత్రి దాటితే వరంగల్, ఖమ్మం, గుంటూరు ఎండుమిర్చి, నిజామాబాద్ పసుపు, కొత్త చింతపండు. మిర్చి ఎండబెట్టి, తొడిమలు తీసి గిర్నీలో పట్టించుకున్న కారం ఏడాదంతా వస్తుంది. ప్యాకెట్ కారంతో పోలిస్తే ఖర్చు తగ్గుతుంది, అందులో ఏం కలిసిందో తెలుస్తుంది. పప్పుకు ఆముదం పట్టించి, చింతపండు గింజ తీసి ఉప్పు వేసి జాడీలో పెడితే పురుగు చేరదు. అయితే రెండు గదుల ఫ్లాటులో ఏడాది సరుకు పెట్టే చోటు ఉండదు. అలాంటి ఇంటికి మూడు నెలల సరుకు చాలు. పాడైపోయిన పది కిలోల పప్పు ఏ చౌకా కాదు.

బియ్యం సంగతి వేరు. కొత్త బియ్యం అన్నం ముద్దవుతుంది. కనీసం ఆరు నెలలు మాగిన పాత బియ్యం ఎక్కువ ఒదుగుతాయి, కాబట్టి కిలో ధర కాస్త ఎక్కువైనా గిట్టుబాటే. బస్తా 26 కిలోలు ఎందుకుంటుందో చాలామంది గమనించరు. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యంపై 5 శాతం జీఎస్టీ పడింది. ఆ గీత దాటించేందుకే మిల్లర్లు ఇంకో కిలో కలిపారు. ఐదు కిలోల సంచులు ఐదు కొనే ఇల్లు ఆ పన్నును ఊరికే కడుతోందన్నమాట.

యాప్రాల్‌లో మాజీ సైనికులకు క్యాంటీన్ కార్డు పెద్ద ఆసరా. 1948లో ఏర్పడిన సైనిక క్యాంటీన్ల విభాగం సీఎస్‌డీ అమ్మే సరుకులకు జీఎస్టీలో సగం మినహాయింపు ఉంది, లాభం కూడా తక్కువే వేసుకుంటారు. కానీ 2025 సెప్టెంబర్ 22న సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టుల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి దిగింది. దాంతో పన్ను రూపంలో మిగిలేది 9 శాతం నుంచి రెండున్నరకు పడిపోయింది. క్యాంటీన్‌లో తేడా వచ్చేది ఇప్పుడు పెద్ద వస్తువుల దగ్గరే. కోటా ఉంది కదా అని అవసరం లేని బిస్కెట్లు మోసుకొచ్చే అలవాటు మాత్రం ఆ తేడాను తినేస్తుంది.

కరెంటు బిల్లులో అసలు ప్రమాదం 200వ యూనిట్ దగ్గరుంది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన టారిఫ్ ప్రకారం 200 యూనిట్లు వాడిన ఇంటికి మొదటి వందకు యూనిట్ 3.40, రెండో వందకు 4.80 చొప్పున 820 రూపాయలు పడుతుంది. 201 వాడితే శ్లాబు మారుతుంది. మొదటి 200కు 5.10 చొప్పున 1,020, ఆ ఒక్క యూనిట్‌కు 7.70, మొత్తం 1,027.70. అంటే చివరి యూనిట్ ధర 207 రూపాయలు దాటింది. స్థిర చార్జీలు, సుంకం ఇందులో కలపలేదు. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద ఉచిత కరెంటు పొందుతున్న రేషన్ కార్డు ఇంటికి దెబ్బ ఇంకా పెద్దది. 200 దాటితే ఉచితం పోయి మొత్తం బిల్లు కట్టాలి.

ఏసీ కొనేటప్పుడు దాని స్టార్ లేబుల్ చదివితే ఈ లెక్క ముందే తెలుస్తుంది. లేబుల్ మీద యూనిట్లు ఏడాదికి 1,600 గంటల వాడకానికి రాస్తారు. అక్కడ 1,000 అని ఉంటే, రాత్రికి ఎనిమిది గంటల చొప్పున నెలకు 150 యూనిట్లు ఏసీకే. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం ఆదా అవుతుందని స్టార్ లేబుళ్లు ఇచ్చే కేంద్ర సంస్థ బీఈఈ చెబుతోంది. సొంత డాబా ఉన్నవారికి సౌరఫలకాలు ఇంకా మేలు. మూడు కిలోవాట్లకు కేంద్రం 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తోంది.

నీటిలో ఆదా చేయగలిగేది తక్కువ. 2021 నుంచి జలమండలి నెలకు 20,000 లీటర్లు ఉచితంగా ఇస్తోంది. రోజుకు సుమారు 667 లీటర్లు, నలుగురికి సరిపోతాయి. ఖర్చంతా బోరు ఎండిన వేసవిలో తెప్పించే ట్యాంకర్లది. అదీ ఏడాది పట్టికలో ఉండాల్సిందే.

కూడబెట్టిన డబ్బు ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి ప్రశ్న. పెద్దల పొదుపు పథకంలో సైన్యం నుంచి రిటైరైనవారు షరతులకు లోబడి 50 ఏళ్లకే చేరవచ్చు. మామూలుగా ఆ వయసు 60. గరిష్ఠం 30 లక్షలు. 2023 ఏప్రిల్ నుంచి వడ్డీ 8.2 శాతం. పది లక్షలకు మూడు నెలలకోసారి 20,500 రూపాయలు అందుతుంది, ఫీజులు, బీమాల వంటి ఖర్చులకు ఇది బాగా కుదురుతుంది. నగల దుకాణాల పదకొండు నెలల పథకాల్లో మిగిలేది తరుగు, మజూరి మీద తగ్గింపే. బ్యాంకు డిపాజిట్‌కు ఉన్నట్టు ఐదు లక్షల వరకు బీమా రక్షణ వాటికి లేదు.

చీటీకీ ఆ బీమా లేదు. చేతిలో డబ్బు నిలవని ఇంటికి చీటీ మంచి క్రమశిక్షణే, కానీ అవసరపడి మొదట్లోనే పాడి ఎత్తుకున్నవారికి అది ఖరీదైన అప్పు. 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం కింద నిర్వాహకుడు చీటీని రిజిస్టర్ చేయించాలి, పూచీ సొమ్ము కట్టాలి. 2019 సవరణ తర్వాత కమిషన్ 7 శాతం మించకూడదు. అపార్టుమెంటులో నోటిమాట మీద నడిచే చీటీకి ఇవేవీ ఉండవు. ఎంత తెలిసినవారు నడుపుతున్నా, మొదటి వాయిదా కట్టేముందు ఆ చీటీ రిజిస్ట్రేషన్ కాగితం అడిగి చూడండి.